హెవీ లైసెన్సు ఇప్పించేవాళ్లు వేరు, లారీ నేర్పించేవాళ్లు వేరు

తిరుపతి, చిత్తూరు వైపు కొత్తగా లారీ ఫీల్డులోకి రావాలనుకునే కుర్రాళ్లు ఎవరు కలిసినా మొదట అడిగేది ఒకటే: "అన్నా, హెవీ లైసెన్సుకి మొత్తం ఎంతవుతుంది?" ఈ ప్రశ్నకి ప్రతి స్కూల్లోనూ ఒక రేటు రెడీగా ఉంటుంది. ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్లకి ముందుగా ఇచ్చే లైసెన్సు), సర్టిఫికెట్, స్లాటు, టెస్టు, కార్డు అన్నీ కలిపి ఇంత, రెండు విడతల్లో కట్టొచ్చు, టెస్టు రోజు వస్తే చాలు అంటారు. నేను రేణిగుంట వైపు ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బండ్లకి డ్రైవర్లను పెట్టే పని చూస్తాను, కాబట్టి ఆ "టెస్టు రోజు వస్తే చాలు" అన్న మాట చివరికి ఎక్కడికి తీసుకొస్తుందో నాకు కనబడుతూనే ఉంటుంది. జేబులో కార్డు ఉంటుంది, లోడు బండిని సందులోకి వెనక్కి పెట్టమంటే మాత్రం చెమటలు పడతాయి. 30, 40 లక్షల బండి తాళం ఏ ఓనరూ అలాంటివాడి చేతికివ్వడు. మళ్లీ క్లీనరుగానే మొదలుపెట్టాలి. ఇంట్లో అప్పు చేసి తెచ్చిన డబ్బంతా కార్డుకే అయిపోయి, పని నేర్చుకోవడానికి ఏమీ మిగలదు.

స్కూలుకి వెళ్లి అడగాల్సింది వేరే ఉంది: ఏ బండి మీద నేర్పిస్తారు, నా చేతికి స్టీరింగ్ ఎన్ని గంటలు వస్తుంది, ఆ గంటల్లో నా పక్కన ఎవరు కూర్చుంటారు. ఈ మూడింటికీ తిన్నగా జవాబు చెప్పే చోట ఫీజు కాస్త ఎక్కువైనా పర్వాలేదు.

ముందు చట్టం సంగతి చూద్దాం, సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం ట్రాన్స్‌పోర్ట్ వాహనం, అంటే లారీ, బస్సు లాంటిది, తోలాలంటే 20 ఏళ్లు నిండాలి. దానికి ఎల్ఎల్ఆర్ ఇవ్వాలంటే అంతకుముందే కనీసం ఏడాదిగా ఎల్ఎంవీ, అంటే కారు లైసెన్సు, ఉండి తీరాలి. 18 దాటగానే కారు లైసెన్సు తీసుకున్నవాడికి 20 రాగానే దారి తెరుచుకుంటుంది. 24 ఏళ్లొచ్చినా కారు లైసెన్సు లేనివాడు ఎంత తొందరపడినా ఆ ఏడాది ఆగాల్సిందే. "మా దగ్గర అదేం అక్కర్లేదు, చూసుకుంటాం" అని ఎవరైనా అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి, ఎందుకంటే రేపు యాక్సిడెంట్ జరిగి కేసు కోర్టుకెళ్తే ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు మొదట తిరగేసేది మీ లైసెన్సు తేదీలనే. ఇక చదువు విషయం. 8వ తరగతి పాసై ఉండాలన్న పాత నిబంధనను కేంద్రం 2019లో తీసేసింది. టీసీ లేదు కాబట్టి అదనంగా ఖర్చవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఆ ఎల్ఎంవీ ఏడాదిని ఊరికే పోనివ్వకండి. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది: మొత్తం బరువు 7,500 కిలోలు దాటని ట్రాన్స్‌పోర్ట్ బండ్లను ఎల్ఎంవీ లైసెన్సుతోనే తోలొచ్చు, విడిగా ఎండార్స్‌మెంట్, అంటే లైసెన్సు మీద అదనపు అనుమతి, అక్కర్లేదు. అంటే టాటా ఏస్, బొలేరో పికప్ లాంటివి హెవీ రాకముందే చట్టబద్ధంగా తోలి సంపాదించుకోవచ్చు. మదనపల్లె మార్కెట్ నుంచి టమోటా క్రేట్లు దింపే పికప్ మీద ఒక సీజన్ పనిచేసినవాడికి లోడు వేస్తే బ్రేకు దూరం ఎంత పెరుగుతుందో, రాత్రిపూట ఎదురు లైట్లలో రోడ్డు అంచు ఎలా మాయమవుతుందో ఒంటికి పట్టి ఉంటుంది. వాడికి హెవీ స్కూల్లో నేర్చుకునేది సగం తగ్గుతుంది.

ఇప్పుడు స్కూలు దగ్గరికి వద్దాం. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకి దరఖాస్తు చేయాలంటే ప్రభుత్వ లైసెన్సు ఉన్న డ్రైవింగ్ స్కూలు ఇచ్చే సర్టిఫికెట్ తప్పనిసరి, దాన్నే ఫారం 5 అంటారు. కారు లైసెన్సయితే నాన్న దగ్గరో బావ దగ్గరో నేర్చుకుని నేరుగా టెస్టుకి వెళ్లొచ్చు, హెవీకి ఆ వీలు లేదు. స్కూలు గడప తొక్కక తప్పదు కాబట్టే ఆ సర్టిఫికెట్ చుట్టూ వ్యాపారం పెరిగింది. ఫీజులు గమనిస్తే ఇది తెలిసిపోతుంది. కేంద్ర నిబంధనల ప్రకారం ఎల్ఎల్ఆర్‌కి ఒక్కో క్లాసుకి 150 రూపాయలు, డ్రైవింగ్ టెస్టుకి 300, ఉన్న లైసెన్సులో కొత్త క్లాసు చేర్చడానికి 500, దానిమీద రాష్ట్రం సర్వీసు చార్జీలు. ప్రభుత్వానికి వెళ్లేది దాదాపు అంతే. స్కూలు వేలల్లో తీసుకునే మిగతా డబ్బు శిక్షణ కోసమే, మరి ఆ శిక్షణ మీకు అందుతోందా అన్నది చూసుకోవాలి కదా.

ఎంత అందాలి? ఇదీ రాసిపెట్టి ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో 31వ నిబంధన ప్రకారం ట్రాన్స్‌పోర్ట్ వాహన శిక్షణ 30 రోజులకి తగ్గకూడదు, హెవీకి బండి తోలే సమయమే 15 గంటలకి తగ్గకూడదు. ఆ 15 గంటలూ మీరు స్టీరింగ్ పట్టుకున్న గంటలు. ఆరుగురిని క్యాబిన్‌లోనూ వెనకా ఎక్కించుకుని ఊరి బయటికి తీసుకెళ్లి, ఒక్కొక్కరికి పది నిమిషాలు ఇచ్చి, మిగతా యాభై నిమిషాలు కూడా మీ ఖాతాలోనే రాసేస్తే అది శిక్షణ కాదు. ఒక్కో విద్యార్థి ఏ రోజు ఎన్ని గంటలు తోలాడో రాయడానికి స్కూళ్లకి ఫారం 15 అనే రిజిస్టరు ఉంటుంది, దాన్ని నిర్వహించడం వాళ్ల బాధ్యత. చేరేముందు "అన్నా, ఫారం 15 రిజిస్టరు ఒకసారి చూపిస్తారా?" అని మర్యాదగానే అడగండి. పని సరిగా చేసే స్కూలు వెంటనే తీసి చూపిస్తుంది. అదేంటో తెలియనట్టు మొహం పెట్టినా, "అవన్నీ మేం చివర్లో రాసుకుంటాం" అన్నా మీకు కావలసిన జవాబు దొరికినట్టే.

రిజిస్టరుతో పాటు గోడ కూడా చూడండి. స్కూలు లైసెన్సు కాగితం, ఫారం 11, అందరికీ కనబడేలా తగిలించి ఉండాలి. అందులో ఏయే తరగతి వాహనాలకి అనుమతి ఉందో, ఎప్పటివరకు చెల్లుతుందో రాసి ఉంటుంది, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. కారు శిక్షణకి మాత్రమే అనుమతి ఉన్నవాళ్లు హెవీ వాళ్లని చేర్చుకుని ఇంకో స్కూలు పేరు మీద సర్టిఫికెట్ తెప్పిస్తారేమో ఇక్కడే పట్టుకోవచ్చు. నేర్పించే బండికి ఇన్‌స్ట్రక్టర్ వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉండాలి, అది నిబంధన. ఇన్‌స్ట్రక్టర్‌కి కనీసం ఐదేళ్ల డ్రైవింగ్ అనుభవం ఉండాలి. నేనైతే ఇంకొకటి కూడా అడుగుతాను: ఆయన ఆ ఐదేళ్లు ఏం తోలాడు? కారు తోలినాయన క్లచ్, గేరు చెప్పగలడు, పుత్తూరు రోడ్డులో 10 టైర్ల బండి మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రం ఎంత లోపలికి కోస్తుందో ఆయనకి తెలియదు.

చేరకముందు ఒక పొద్దున పోయి, స్కూలు బండి ప్రాక్టీసు చేసే చోట పక్కన నిలబడి గంటసేపు చూడండి. ఎవరి అనుమతీ అక్కర్లేదు, రోడ్డు అందరిదీ. బండిలో ఎంతమంది ఎక్కారు, ఒక్కొక్కరు ఎంతసేపు తోలారు, ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉన్నాడా లేక కింద నిలబడి ఫోన్ మాట్లాడుతున్నాడా, రివర్స్ చేయించారా, కుర్రాడు తప్పు చేస్తే తిట్టి ఊరుకున్నాడా లేక మళ్లీ చేయించాడా. ఇవన్నీ ఆ గంటలో తెలుస్తాయి. ఆన్‌లైన్‌లో ఐదు నక్షత్రాలు చాలావరకు కార్డు త్వరగా వచ్చిందని సంతోషపడినవాళ్లు ఇచ్చినవే.

ఫీజులు పోల్చేటప్పుడు మొత్తాన్ని కాదు, గంట రేటును చూడండి. లెక్క కోసం చెబుతున్నా: ఒక చోట 9,000 తీసుకుని నికరంగా మూడు గంటలు స్టీరింగ్ ఇస్తే గంటకి 3,000 పడినట్టు. ఇంకోచోట 18,000 తీసుకుని 15 గంటలు పూర్తిగా ఇస్తే గంటకి 1,200. ఖరీదైన స్కూలేదో ఇప్పుడు చెప్పండి.

బండి సంగతి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని పట్టించుకోరు. స్కూళ్లలో ఎక్కువగా పాత లారీలు ఉంటాయి. పాత బండి మీద నేర్చుకోవడం తప్పేం కాదు, క్లచ్, గేరు బాగా అలవాటవుతాయి. కానీ 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్నవన్నీ బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండ్లు, వాటికి డీజిల్‌తో పాటు పొగను శుభ్రం చేసే యాడ్‌బ్లూ అనే ద్రవం కూడా పోయాలి. అది అయిపోయినా, నాసిరకం పోసినా, డాష్‌బోర్డులో లైటు వెలిగి కాసేపటికి ఇంజన్ పవర్ తగ్గిపోతుంది. పాత బండి మీద మాత్రమే నేర్చుకున్నవాడు అదేదో పెద్ద రిపేరనుకుని హైవే పక్కన గంటలు గంటలు ఆగిపోతాడు, లేదా ఆ లైటును పట్టించుకోకుండా తోలి ఓనరుకి నిజంగానే పెద్ద రిపేరు తెస్తాడు. స్కూల్లో బీఎస్6 బండి లేకపోతే కనీసం డాష్‌బోర్డు గుర్తులన్నీ ఫొటోలతోనైనా చెప్పించుకోండి.

ఇక ఎయిర్ బ్రేకు. కారు నుంచి లారీకి మారేవాడు అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఇదే. కారులో కాలితో తొక్కితే ఆయిల్ ఒత్తిడి మీద బ్రేకు పడుతుంది, లారీలో కంప్రెసర్ నింపిన గాలితో పడుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసి గేజులో ముళ్లు పైకి వచ్చేదాకా, బజరు ఆగేదాకా బండి కదిలించకూడదు. గాలి నిండాక ఇంజన్ ఆపి, బ్రేకు తొక్కి పట్టుకుని, ముల్లు దిగిపోతోందా చూడాలి, ఎక్కడన్నా బుస్సుమని చప్పుడు వస్తోందా వినాలి. తర్వాత కిందికి వంగి ట్యాంకు అడుగున ఉన్న డ్రైన్ వాల్వు లాగితే లోపల చేరిన నీళ్లు బయటికొస్తాయి, వానాకాలంలో ఇంకా ఎక్కువ. ఈ పనంతా ఐదు నిమిషాల్లో అయిపోతుంది. స్కూల్లో మొదటి రోజే దీన్ని చేయించారంటే ఆ ఇన్‌స్ట్రక్టర్ దగ్గర నేర్చుకోవచ్చని నేను కళ్లు మూసుకుని చెబుతాను.

మన వైపు ఘాట్ రోడ్డు తోలకుండా లారీ వచ్చిందని అనుకోకూడదు. తిరుపతి నుంచి పీలేరు, మదనపల్లె వెళ్లాలంటే భాకరాపేట ఘాట్ దాటాలి, చిత్తూరు నుంచి పలమనేరు, బెంగళూరు వెళ్లాలంటే మొగిలి ఘాట్. 2022 మార్చిలో భాకరాపేట దగ్గర ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్నవాళ్ల బస్సు లోయలో పడింది. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొని ప్రాణాలు పోయాయి. ఇవి మన జిల్లావాళ్లకి పేపర్లో చదివి మర్చిపోయే సంగతులు కావు, ఆ రోడ్ల మీదే రేపు మీరు తోలబోయేది.

ఘాట్ దిగేటప్పుడు కొత్తవాడు చేసేది ఒకటే, స్పీడు పెరిగినప్పుడల్లా బ్రేకు తొక్కుతూ పోవడం. అలా తొక్కేకొద్దీ డ్రమ్ములు కాగుతాయి, కాగేకొద్దీ లైనింగ్ పట్టు తగ్గుతుంది, మాటిమాటికీ తొక్కడంతో గాలి కూడా దిగిపోతుంది, కింద మలుపు వచ్చేసరికి పెడల్ నేలకి తగిలినా బండి ఆగదు. పాత డ్రైవర్లు చెప్పే పద్ధతి ఎప్పటికీ పనికొస్తుంది: ఘాట్ ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లోనే, లేదా ఇంకా కింది గేర్లో దిగు, ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజన్ పొగను అడ్డుకుని వేగం తగ్గించేది) వేసుకో, కాలి బ్రేకును మలుపులకి దాచుకో. గేరు తగ్గించాల్సింది దిగుడు మొదలవకముందే. మధ్యలో తగ్గించబోతే గేరు పడక న్యూట్రల్‌లో ఇరుక్కునే ప్రమాదం ఉంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల దగ్గర మాత్రం నేర్చుకోవద్దు. ఇప్పటి ఎలక్ట్రానిక్ ఇంజన్లలో గేర్లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం సరఫరానే ఆగిపోతుంది, న్యూట్రల్‌లోనే ఐడిలింగ్‌కి ఖర్చవుతుంది. మిగిలేదేం లేదు, ఇంజన్ పట్టు మాత్రం పోతుంది. శిక్షణలో ఒక్కసారైనా, ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా, పగటిపూట ఘాట్ దింపిస్తారా అని అడగండి. దీనికి కాస్త డీజిల్ ఖర్చు అదనంగా అడిగినా ఇచ్చేయండి.

ఊళ్లో ఉన్న మామూలు స్కూళ్లు కాక వేరే దారులు కూడా ఉన్నాయి. 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలతో అక్రెడిటెడ్ డ్రైవర్ ట్రైనింగ్ సెంటర్లు అనే కొత్త రకం వచ్చింది. వీటికి హెవీ నేర్పాలంటే రెండెకరాల స్థలం, సిమ్యులేటర్, టెస్ట్ ట్రాక్ ఉండాలి, హెవీ కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు. అక్కడ పాసైతే ఆర్టీవో ఆఫీసులో మళ్లీ డ్రైవింగ్ టెస్టు ఇవ్వక్కర్లేదు. బోర్డు మీద "ప్రభుత్వ గుర్తింపు" అని ఉన్నంత మాత్రాన అది ఈ రకం కాదు, మామూలు స్కూలుకీ ప్రభుత్వ లైసెన్సు ఉంటుంది, రెండూ ఒకటే అన్నట్టు చెప్పి ఎక్కువ ఫీజు అడిగితే అక్రెడిటేషన్ కాగితం చూపించమనండి.

లారీ కంపెనీలు నడిపే పెద్ద సంస్థలూ ఉన్నాయి. తమిళనాడులో నామక్కల్ అంటే లారీల ఊరు, అక్కడ అశోక్ లేలాండ్ వాళ్ల డ్రైవర్ ట్రైనింగ్ సంస్థ చాలా ఏళ్లుగా నడుస్తోంది. నగరి, పుత్తూరు, చిత్తూరు వాళ్లకి తమిళం అర్థమవుతుంది కాబట్టి భాష ఇబ్బంది కాదు. మన రాష్ట్రంలో ప్రకాశం జిల్లా దర్శిలో పెద్ద శిక్షణ కేంద్రం ఉంది. ఇలాంటి చోట్ల హాస్టల్లో ఉండి నేర్చుకుంటారు, రోడ్డు నియమాలు, ఇంజన్, ప్రథమ చికిత్స అన్నీ పద్ధతిగా చెబుతారు, పెద్ద ఫ్లీట్ కంపెనీల్లో ఆ సర్టిఫికెట్‌కి విలువ ఉంటుంది. ఇబ్బంది ఏంటంటే ఆ వారాలన్నీ సంపాదన ఉండదు, ఇంటిమీద ఆధారపడిన కుర్రాడికి అది చిన్న విషయం కాదు. పక్క రాష్ట్రంలో చేరేటట్టయితే అక్కడి సర్టిఫికెట్‌తో మన ఆర్టీవో ఆఫీసులో దరఖాస్తు ఎలా నడుస్తుందో డబ్బు కట్టకముందే రెండు వైపులా అడిగి తేల్చుకోండి.

ఏపీఎస్ఆర్టీసీ కూడా కొన్ని డిపోల్లో హెవీ డ్రైవింగ్ స్కూళ్లు నడుపుతోంది. దగ్గర్లోని డిపోలో ఇప్పుడు బ్యాచ్ ఉందో లేదో వెళ్లి అడగడం మంచిది. అక్కడ నేర్పేది బస్సు మీద. బస్సు మీద నేర్చుకుంటే లారీ వస్తుందా అని చాలామందికి అనుమానం. లైసెన్సు వరకు రెండూ ట్రాన్స్‌పోర్ట్ వాహనాలే. స్టీరింగ్, అద్దాలు, ఎయిర్ బ్రేకు, ట్రాఫిక్‌లో ఓపిక, ఇవన్నీ బస్సు మీద చక్కగా వస్తాయి, ఆర్టీసీ ఇన్‌స్ట్రక్టర్లు క్రమశిక్షణ విషయంలో గట్టిగా ఉంటారు. బస్సు నేర్పనిది లోడు. 10 టైర్ల లారీ లోడుతో కలిపి 28.5 టన్నుల దాకా ఉండొచ్చు. ఖాళీగా తోలినప్పుడు ఒకలా, నిండుగా తోలినప్పుడు ఇంకోలా ఉంటుంది, ఆ తేడా ఏ స్కూల్లోనూ పూర్తిగా తెలియదు.

అందుకే క్లీనరు దారిని నేను తక్కువగా చూడను. మన ప్రాంతంలో మంచి డ్రైవర్లు చాలామంది అలా వచ్చినవాళ్లే. పట్టా కట్టడం, తాడు బిగించడం, స్టెప్నీ మార్చడం, టైరు మీద రాడ్డుతో కొట్టి చప్పుడు బట్టి గాలి చెప్పడం, లోడు ఎటు ఒరిగిందో చూడటం స్కూల్లో రావు. కానీ ఆ దారిలో ఒక గొయ్యి ఉంది. ఎల్ఎల్ఆర్ కూడా లేని క్లీనరుకి రాత్రిపూట డ్రైవరు నిద్రొస్తోందని స్టీరింగ్ ఇచ్చేస్తాడు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకి పరిహారం కట్టి ఆ మొత్తాన్ని ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు, క్రిమినల్ కేసు తోలినవాడి మీద పడుతుంది, ఇరవయ్యేళ్ల కుర్రాడి జీవితం అక్కడే చిక్కుకుంటుంది. క్లీనరుగా చేరండి, ముందు ఎల్ఎల్ఆర్ తీసుకోండి, హెవీ లైసెన్సున్న డ్రైవరు మెలకువగా పక్కన కూర్చుంటేనే స్టీరింగ్ పట్టండి. స్కూలు, క్లీనరు పని రెండూ ఒకే నెలల్లో కలిపి చేసినవాళ్లే నా దగ్గరికి ట్రయల్‌కి వచ్చేవాళ్లలో అందరికంటే బాగా తోలతారు.

ఇంకో దారి, కంపెనీయే నేర్పిస్తుంది, ఫీజు జీతంలో కోసుకుంటుంది అనేది. శ్రీసిటీ, సత్యవేడు, కరకంబాడి వైపు ఫ్యాక్టరీలు పెరిగాక, చెన్నై రేవులకి కంటైనర్లు తిరగడం ఎక్కువయ్యాక డ్రైవర్ల కొరత గట్టిగా తెలుస్తోంది, అందుకే ఇలాంటి ఆఫర్లు వస్తున్నాయి. చేతిలో డబ్బు లేనివాడికి ఇది నిజంగా మంచి అవకాశమే, కాగితం చదివి సంతకం పెడితే. మొత్తం ఎంత కోస్తారు, నెలకి ఎంత, ఎన్ని నెలలు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, వాళ్లే పనిలోంచి తీసేస్తే ఏంటి, బత్తా జీతంలో కలిపా విడిగానా, ఇవన్నీ తెలుగులో రాసి ఇవ్వమనండి. బాండులో పెద్ద అంకె చూసి భయపడి ఉండిపోయేవాళ్లున్నారు. కాంట్రాక్ట్ చట్టం 1872లో 74వ సెక్షన్ ప్రకారం కాగితంలో ఎంత రాసుకున్నా కోర్టు ఇప్పించేది న్యాయమైన పరిహారం వరకే, రాసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. ఒరిజినల్ లైసెన్సు మాత్రం ఎవరికీ తాకట్టు పెట్టొద్దు. పొరపాటున ఎవరి దగ్గరైనా ఇరుక్కుంటే డిజీలాకర్‌లో ఉన్న లైసెన్సు కూడా రోడ్డు మీద చెల్లుతుందని గుర్తుంచుకోండి.

పని గంటలు కూడా అడగాలి, మొహమాటపడకండి. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా ఉన్న మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం 1961 రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అనేది. మన రోడ్ల మీద అది ఎంతవరకు నడిచిందో అందరికీ తెలుసు, అయినా లాంగ్ రూట్‌కి ఇద్దరు డ్రైవర్లను పంపే కంపెనీకి, ఒక్కడినే పంపి "టైముకి చేరకపోతే బత్తా కట్" అనే కంపెనీకి తేడా ఉంది. కొత్తవాడు రెండోదానిలో చేరితే నేర్చుకునేది నిద్ర ఆపుకోవడమే.

ఎలాంటి లోడుకి వెళ్లాలనుకుంటున్నారో ముందే అనుకుంటే స్కూలు ఎంపిక కూడా తేలికవుతుంది. మామిడి గుజ్జు డ్రమ్ములు, గ్రానైట్ రాయి, బ్యాటరీలు లాంటి వాటికి సాధారణ హెవీ చాలు, అయితే గ్రానైట్ దిమ్మ కదిలితే క్యాబిన్ మీదికే వస్తుంది కాబట్టి బిగింపు తెలిసినవాళ్ల దగ్గర కొన్నాళ్లు ఉండాలి. పాల ట్యాంకరు సగం నిండి ఉన్నప్పుడే ప్రమాదం ఎక్కువ, బ్రేకు వేస్తే లోపలి పాలు ముందుకి ఎగిసి బండిని తోస్తాయి, మలుపులో పక్కకి లాగుతాయి. పెట్రోలు, గ్యాస్ ట్యాంకర్లకి ప్రమాదకర సరుకుల ఎండార్స్‌మెంట్ విడిగా తీసుకోవాలి, దానికి మూడు రోజుల కోర్సు ఉంది. మామూలు ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ఐదేళ్లకి రెన్యువల్ అయితే దీనికి మూడేళ్లే. ట్రైలరు కావాలనుకునేవాళ్లు దాన్ని చివరికి పెట్టుకోండి, వెనక్కి తీసేటప్పుడు స్టీరింగ్ లెక్క తిరగబడుతుంది, మామూలు లారీ చేతికి వచ్చాకే అది వస్తుంది.

కువైట్, సౌదీ వెళ్లడానికే హెవీ తీసుకునేవాళ్లు మన వైపు చాలామంది. "మా స్కూల్లో చేరితే వీసా కూడా మేమే" అనేవాళ్లతో జాగ్రత్త. విదేశీ ఉద్యోగానికి పంపే హక్కు కేంద్రం దగ్గర రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంట్లకే ఉంది, ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. వాళ్లు తీసుకోగలిగిన సర్వీసు చార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. డ్రైవింగ్ స్కూలుకి ఆ అనుమతి లేకపోతే వీసా మాటకి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

డబ్బు కట్టేముందు కళ్లు చూపించుకోండి. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకి డాక్టరు సంతకం చేసిన ఫారం 1ఏ కావాలి, రంగులు గుర్తుపట్టడం కూడా అందులో చూస్తారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని సమస్య కొందరికి పుట్టుకతో ఉంటుంది, వాళ్లకే తెలియదు. ఫీజు కట్టాక తెలిసేకంటే ముందే తెలియడం మేలు.

ట్రయల్‌కి వచ్చినవాళ్లలో నేను ఏం చూస్తానో చెబుతాను, స్కూల్లో ఏం అడిగి నేర్చుకోవాలో దాన్నిబట్టి తెలుస్తుంది. తాళం ఇవ్వగానే నేరుగా సీటెక్కినవాడికి నా దగ్గర మార్కులు తగ్గుతాయి. ఒక చుట్టు తిరిగి టైర్లు, లైట్లు, కింద ఆయిల్ చుక్కలు చూసినవాడు, సీటెక్కాక అద్దాలు తనకి సరిపడా తిప్పుకున్నవాడు, గాలి ముల్లు చూసి కదిలినవాడు నాకు కావాలి. తర్వాత రివర్స్ చేయిస్తాను. వెనక క్లీనరు "రానీ, రానీ" అంటుంటే ఆ గొంతు నమ్మి వచ్చేస్తాడా, లేక అద్దంలో మనిషి కనబడకపోగానే టక్కున ఆపేస్తాడా. ఆపేసినవాడు రెండుసార్లు తడబడినా పర్వాలేదు, పెట్టుకుంటాం. స్పీడుగా తోలి చూపించే కుర్రాడిని ఏ ఓనరూ కోరుకోడు. ట్రయల్‌కి వారం ముందు నుంచే ఈ వరుస మొత్తం స్కూలు బండి మీద రోజూ చేయించమని ఇన్‌స్ట్రక్టర్‌ని అడగండి.

ఎల్ఎల్ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాతే టెస్టుకి వెళ్లొచ్చు, ఆరు నెలల దాకా అది చెల్లుతుంది, కాబట్టి 31వ రోజే స్లాటు పెట్టించుకోవాలని తొందరేం లేదు. గంటలు పూర్తయ్యాకే పెట్టమనండి. టెస్టులో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఫెయిల్ చేస్తే కంగారుపడి ఏజెంటు దగ్గరికి పరిగెత్తకండి. 7 రోజుల తర్వాత మళ్లీ వెళ్లొచ్చు, మూడుసార్లు తప్పితే మాత్రం 60 రోజులు ఆగాలి. ఆ 7 రోజుల్లో ప్రాక్టీసుకి స్కూలు బండి ఇస్తుందా, మళ్లీ టెస్టుకి బండి తెచ్చినందుకు విడిగా డబ్బు అడుగుతుందా అన్నది చేరే రోజే తేల్చుకుని, ఫీజు రసీదు వెనక రాయించి సంతకం పెట్టించుకోండి.